రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఆ మూడు ముక్కలు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలు విన్నారు. మేము ఒకే ఒక్క సంగతి మాట్లాడతాం. రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు దవాఖానలో ఒక కాగితం ఇస్తారు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేసిన రిపోర్టు అది. దాంట్లో ఈఆర్, పీఆర్, హెర్-2 అని మూడు ముక్కలుంటాయి. పక్కన పాజిటివ్ అనో నెగెటివ్ అనో రాసి ఉంటుంది. చాలా ఇండ్లల్లో ఆ కాగితం బీరువాలో పట్టా పాస్‌బుక్కు కింద పడి ఉంటుంది.

"గడ్డ తీసేసిన్రు, సూదులు అయిపోయినయ్, ఇప్పుడు మంచిగనే ఉన్న, ఇంక ఈ గోలీ ఎందుకే?" అని అడిగే అక్కలు మన సంఘాల్లో ఉన్నారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఏ నొప్పీ లేని మనిషి ఐదేండ్లు రోజూ గోలీ ఎందుకు మింగాలి? "డాక్టరు చెప్పిండు కాబట్టి" అంటే ఆ జవాబు నిలవదు. ఆ గోలీ ఒంట్లో ఎక్కడికి పోయి ఏం పని చేస్తుందో తెలిస్తే నిలుస్తుంది. దానికోసం కొంచెం జన్యువుల దాకా పోవాలి. నెలనెలా ఇన్ని పుస్తకాలు రాసే మనకు అదేం కష్టం కాదు.

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోతుంటే జీనోమ్ వ్యాలీ వస్తుంది. మన పిల్లలు కొందరు అక్కడి కంపెనీల్లో ప్యాకింగ్‌లో, క్యాంటీన్‌లో, ల్యాబుల్లో పని చేస్తున్నారు. బస్సులో పోతూ ఆ పేరు అందరం చదివినవాళ్లమే. జీనోమ్ అంటే ఒక ప్రాణికి సంబంధించిన జన్యువులన్నీ ఉన్న పుస్తకం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఆ పుస్తకం మొత్తం ఉంటుంది. కంట్లో ఉన్నదీ అదే పుస్తకం, కాలేయంలో ఉన్నదీ అదే, రొమ్ములో ఉన్నదీ అదే. మరి కన్ను కన్నులెక్క, రొమ్ము రొమ్ములెక్క ఎట్ల ఉన్నాయి? ఏ కణం ఏ పేజీ తెరుస్తుందన్న దాంట్లోనే తేడా అంతా.

మన సమాఖ్య ఆఫీసులో అసలు రిజిస్టరును ఎవ్వరూ బయటికి తీసుకుపోరు. కావలసిన పేజీ జిరాక్స్ తీసి గ్రామ సంఘానికి పంపుతాం. వాళ్లు ఆ కాగితం చూసి పని చేస్తారు. కణంలోనూ అట్లనే. డీఎన్‌ఏ అనే రిజిస్టరు నడుమ గదిలోనే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ అనే జిరాక్స్ కాపీ బయటికి వస్తుంది. ఆ కాపీ చూసి కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. పని చేసేది ఆ ప్రోటీనే. పేజీ తెరిచి, కాపీ తీసి, ప్రోటీన్ తయారయ్యేదాకా జరిగే దాన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు. మాట పెద్దది గాని సంగతి ఇంతే.

మేడ్చల్‌కు ఈ పని కొత్త కాదు. మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ఆ తరహా టీకాల్లో మన దేశంలో తయారైన మొదటిది అదే. అది ఎట్ల చేశారంటే, ఆ వైరస్ పైపొర ప్రోటీన్‌కు సంబంధించిన ఒక్క పేజీని తీసుకుని ఈస్ట్ కణంలో పెట్టారు. ఈస్ట్ అంటే పిండిని పులియబెట్టే జాతి జీవి. తనది కాని పేజీని చదివి ఈస్ట్ ఆ ప్రోటీన్‌ను కుప్పలుగా తయారు చేసి ఇచ్చింది. ఆ కంపెనీకి వరప్రసాద్ రెడ్డి గారు తమ తల్లి పేరు పెట్టారు. సందర్భం వచ్చింది గనుక చెప్పాం.

ఇప్పుడు అసలు సంగతి. ఏ పేజీ తెరవాలో ఎవరు నిర్ణయిస్తారు? డీఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. అవి డీఎన్‌ఏ మీద సరైన చోటు వెతుక్కుని కూర్చుంటాయి. అవి కూర్చున్నాకే పేజీ తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. రొమ్ము కణంలో అట్లాంటి వాటిలో ముఖ్యమైనది ఈస్ట్రోజన్ రిసెప్టార్. రిపోర్టులో ఈఆర్ అంటే ఇదే.

ఈస్ట్రోజన్ అంటే ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పటి నుంచి ముట్లు ఆగేదాకా అండాశయాల్లో ఎక్కువగా తయారయ్యే హార్మోన్. అది రక్తంలో తిరుగుతూ రొమ్ము కణంలోకి వస్తుంది. అక్కడ ఈ రిసెప్టార్ తాళంలెక్క ఉంటే, ఈస్ట్రోజన్ తాళంచెవి లెక్క దాంట్లో దూరుతుంది. దూరగానే రిసెప్టార్ ఆకారం మారుతుంది. అప్పుడు ఇట్లాంటివి రెండు జత కూడతాయి. ఒక్కటే పోతే పని కాదు. మన బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు ఇస్తారు కదా, ఇదీ అట్లాంటి జాయింటు సంతకమే. ఆ జత పోయి డీఎన్‌ఏ మీద తమకు సరిపడే చోట కూర్చుంటుంది. ఆ చోట ఉండే అక్షరాల వరుస విచిత్రంగా ఉంటుంది. డీఎన్‌ఏలో రెండు పోగులుంటాయి. ఒక పోగును ఇటు నుంచి, రెండో పోగును అటు నుంచి చదివితే ఒకటే మాట వస్తుంది. మనం చిన్నప్పుడు వికటకవి అని ముందుకూ వెనక్కూ చదివి నవ్వుకోలేదా, ఆ మాదిరి. రెండు వైపులా ఒకే మాట ఉండడం వల్లనే రెండు రిసెప్టార్లు ఎదురెదురుగా కూర్చోగలుగుతాయి.

అవి డీఎన్‌ఏను పట్టుకోవడానికి వేళ్లలాంటి భాగాలుంటాయి. ఆ వేళ్ల వంపును జింకు అణువులు పట్టి ఉంచుతాయి. శాస్త్రవేత్తలు వాటిని జింకు వేళ్లు అనే పిలుస్తారు. మనం వరి పొలంలో చల్లే జింకులో ఉండేది కూడా ఆ జింకే.

కూర్చున్నాక ఏం పేజీలు తెరుస్తాయి? "పెరుగు, రెండుగా చీలు" అని చెప్పే పేజీలు. పిల్లకు పాలివ్వాల్సిన రొమ్ముకు ఈ పెరుగుదల అవసరమే, దాంట్లో రోగం లేదు. కాని క్యాన్సర్ కణంలో ఈ ఏర్పాటు అదుపు తప్పుతుంది. ఈస్ట్రోజన్ అందినంత కాలం కణం చీలుతూనే ఉంటుంది. గడ్డలో ఈ రిసెప్టార్ ఉందని తేలితే ఈఆర్ పాజిటివ్ అని రాస్తారు. పాజిటివ్ అని చూసి ఏడ్చిన అక్కలు ఉన్నారు. ఇక్కడ పాజిటివ్ అంటే గోలీ పనిచేసే అవకాశం ఉందని అర్థం, అంటే మనకు పనికొచ్చే మాటే. పీఆర్ అంటే ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ రిసెప్టార్. అది ఈఆర్ తెరిచే పేజీల్లో ఒకటి. అందుకే పీఆర్ కూడా పాజిటివ్ ఉంటే, లోపల ఈఆర్ ఊరికే కూర్చోలేదు, పని చేస్తూ ఉందని డాక్టర్లకు తెలుస్తుంది.

ఈ జ్ఞానం ఒక్క రోజులో రాలేదు. 1896లో గ్లాస్గో నగరంలో బీట్సన్ అనే సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు అండాశయాలు తీసేస్తే గడ్డలు తగ్గుతున్నాయని రాశారు. ఎందుకు తగ్గుతున్నాయో ఆయనకు తెలియదు, అప్పటికి ఈస్ట్రోజన్ అన్న పేరే లేదు. 1958 ప్రాంతంలో షికాగోలో జెన్‌సెన్ అనే ఆయన, కొన్ని అవయవాలే ఈస్ట్రోజన్‌ను పట్టి ఉంచుకుంటున్నాయని చూపించి రిసెప్టార్‌ను కనిపెట్టారు. 1962లో ఇంగ్లండ్‌లో డోరా రిచర్డ్‌సన్ అనే మహిళా రసాయన శాస్త్రవేత్త ఒక మందు తయారు చేశారు. అదే టామాక్సిఫెన్. ఆమె పనిచేసిన కంపెనీ వెతుకుతున్నది పిల్లలు పుట్టకుండా ఉండే గోలీ కోసం. ఆ పనికి ఈ మందు పనికిరాలేదు. రొమ్ము క్యాన్సర్‌కు పనికొచ్చింది. 1973లో అక్కడ రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. ఆమె పేరు చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. మహిళల పనికి పేరు రాకపోవడం మన మండలంలోనే కాదు, ఇంగ్లండ్‌లోనూ ఉందన్నమాట.

టామాక్సిఫెన్ ఏం చేస్తుందంటే, ఈస్ట్రోజన్ దూరాల్సిన ఆ తాళంలో తాను ముందే దూరి కూర్చుంటుంది. రిసెప్టార్ జత అప్పుడు కూడా డీఎన్‌ఏ మీదికి పోతుంది. కాని ఆకారం వేరుగా ఉండడంతో, పేజీ తెరవడానికి సాయం రావాల్సిన మిగతా ప్రోటీన్లు దాని దగ్గరికి రావు. చెక్కు మీద రెండు సంతకాలూ ఉన్నాయి, కాని కౌంటర్లో పాస్ చేసేవాడు చేయడు. డబ్బు కదలదు. కణానికి "చీలు" అన్న ఆర్డరు పోదు.

ఇక్కడే ఐదేండ్ల జవాబు ఉంది. ఆపరేషన్‌తో గడ్డ పోతుంది. కాని కంటికి, స్కానింగుకు కనబడని కణాలు కొన్ని ఎముకలోనో ఇంకెక్కడో నిద్రపోతున్నట్టు మిగిలి ఉండొచ్చు. వాటిలోనూ అదే రిసెప్టార్ ఉంటుంది. గోలీ ఆపితే, కొన్ని వారాల్లో మందు ఒంట్లోంచి పోతుంది, తాళం ఖాళీ అవుతుంది. ఈస్ట్రోజన్ మాత్రం రోజూ వస్తూనే ఉంటుంది. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ పదేండ్ల తర్వాత, పదిహేనేండ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. చాలా దేశాల్లో వేల మంది స్త్రీల మీద చేసిన పరీక్షలన్నీ కలిపి 2011లో లెక్క తీశారు. ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లు ఐదేండ్లు టామాక్సిఫెన్ వాడితే, ఆ ఐదేండ్లలో క్యాన్సర్ తిరిగి రావడం దాదాపు సగానికి తగ్గింది. పదిహేనేండ్ల లెక్కలో దాని వల్ల చనిపోవడం మూడో వంతు దాకా తగ్గింది. కీమోతో పోలిస్తే ఈ గోలీ ఖర్చు ఏ లెక్కలోకీ రాదు, రోజుకు కొద్ది రూపాయలు.

మన సంఘాల్లోని ఒక అక్క సంగతి ఆమె అనుమతితోనే చెప్తున్నాం, పేరు వద్దన్నది. ఆమెకు ఈఆర్ పాజిటివ్. ఎనిమిది నెలలు గోలీ వాడింది. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, ముట్టు అటూ ఇటూ. ఇంట్లో "మందులు వేడి చేసినయ్" అన్నారు. ఆపేసింది. మూడో ఏడు నడుం నొప్పి మొదలైంది. నాట్లు వేసిన నొప్పి అనుకున్నారు. చూస్తే ఎముకలోకి వచ్చింది. ఇప్పుడు వేరే మందులు వాడుతూ, మన మధ్యనే, మూడో వరుసలో కూర్చుంది. "నాకు ఆ తాళం సంగతి అప్పుడే ఎవరన్న చెప్తే ఆపకపోదును" అన్నది. ఈ ప్రసంగం చేయాలని మేము తీర్మానించింది ఆ మాట విన్నాకే.

ఆవిర్లు, తెల్లబట్ట ఈ గోలీతో చాలామందికి వస్తాయి. వస్తే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. రెండు సంగతులు మాత్రం ఆలస్యం చేయకూడదు. ముట్లు ఆగినాక మళ్లీ రక్తం కనబడితే వెంటనే చూపించాలి, ఎందుకంటే రొమ్ములో తాళం మూసే ఈ మందు గర్భసంచిలో కొంచెం తెరిచినట్టు పనిచేస్తుంది. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అంతే, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గోలీ వాడేటప్పుడు గర్భం రాకుండా చూసుకోవాలి. ముట్లు పూర్తిగా ఆగినవాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అని వేరే గోలీలు రాస్తారు. అవి తాళం జోలికి పోవు, తాళంచెవి తయారు కాకుండా చేస్తాయి. ముట్లు ఆగినాక అండాశయాలు పని మానుకున్నా ఒంట్లోని కొవ్వులో ఈస్ట్రోజన్ కొంత తయారవుతుంది. ఆ వయసులో బరువు తగ్గించుకోమని అందుకే అంటారు.

ఆశా కార్యకర్తలు ఇచ్చే ఛాయ గోలీ గురించి ఒక చెల్లె అడిగింది. పిల్లలు కాకుండా వారానికొకటి వేసుకునే ఆ గోలీ మన లక్నోలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ తయారు చేసింది. అదీ ఇదే రిసెప్టార్ మీద పనిచేసే జాతి మందే. అట్లని టామాక్సిఫెన్ బదులు ఛాయ వేసుకుంటామంటే కుదరదు, క్యాన్సర్‌కు డాక్టరు రాసిందే వాడాలి.

మూడో ముక్క హెర్-2. ఇది డీఎన్‌ఏ మీద కూర్చునేది కాదు, కణం పైన నిలబడి పెరుగుదల కబురు అందుకునేది. కొన్ని గడ్డల్లో ఈ జన్యువు కాపీలు ఎక్కువైపోయి, ఆ ప్రోటీన్ కణం నిండా మొలుస్తుంది. అట్లాంటి వాళ్లకు ట్రాస్టుజుమాబ్ అనే సూది ఉంది. 1998లో అమెరికాలో వచ్చింది, అప్పుడు మనలాంటి వాళ్లు దాని ధర అడగడానికే జంకేవాళ్లు. 2014 నుంచి మన దేశంలో తయారైనవి దొరుకుతున్నాయి.

మూడూ నెగెటివ్ ఉంటే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. వీళ్లకు టామాక్సిఫెన్ పనిచేయదు, తాళమే లేదు కదా. కీమో ముఖ్యం. పడమటి దేశాల కన్నా మన దేశంలో ఈ రకం ఎక్కువ కనబడుతుంది, అదీ చిన్న వయసు వాళ్లలో. కాబట్టి పక్కింటి వదినకు గోలీ ఇచ్చి నాకు ఇవ్వలేదని డాక్టరుతో కొట్లాడకండి, రిపోర్టు వేరు. ఈ రకం వచ్చిన చిన్న వయసు వాళ్లకు, తల్లికో అక్కకో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చిన ఇండ్లకు బీఆర్‌సీఏ అనే పరీక్ష గురించి చెప్తారు. తెగిన డీఎన్‌ఏను అతికే జన్యువు అది. దాంట్లో పుట్టుకతో తప్పు ఉంటే క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె కూడా మహిళే, దాని జాడ పట్టుకున్నారు. ఇట్లా వంశంలో వచ్చేవి వందలో ఐదు నుంచి పది దాకానే. తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. కాబట్టి "కోడలి వంశంలో ఉంది" అని ఆడబిడ్డలు అనే మాటకు అర్థం లేదు.

కీమో మందుల్లో ఒకటి మనవాళ్లకు సంబంధించింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు తయారు చేసింది. వాటిలోదే మెథోట్రెక్సేట్. 1951లో జేన్ రైట్ అనే నల్లజాతి మహిళా డాక్టరు దాంతో రొమ్ము క్యాన్సర్ గడ్డలు తగ్గుతాయని చూపించారు. అంతకు మూడేండ్ల ముందే సుబ్బారావు గారు పోయారు.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, వయసు సర్దుబాటు చేసిన లెక్కన లక్ష మంది స్త్రీలకు 48 రొమ్ము క్యాన్సర్లతో హైదరాబాద్ జిల్లా దేశంలో మొదట నిలిచింది. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ దాని తర్వాతే. 2022లో దేశం మొత్తంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని, 98,000 మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ద్రాక్ష తోటల మేడ్చల్ ఇప్పుడు హైదరాబాద్‌లో కలిసిపోయినట్టే. ఆలస్యంగా పెండ్లి, ఆలస్యంగా మొదటి కాన్పు, పాలిచ్చే రోజులు తగ్గడం, నడక తగ్గి బరువు పెరగడం ఇవన్నీ ఒంట్లో ఈస్ట్రోజన్ లెక్కను మారుస్తాయి. పిల్లలను చదివించి ఉద్యోగాలకు పంపడం తప్పని దీన్ని చూపించి అనేవాళ్లను మేము ఒప్పుకోం. చదువుకున్న పిల్ల గడ్డను తొందరగా చూపించుకుంటుంది. కల్లు గురించి ఎవరూ అడగలేదు గాని, మందు ఏదైనా ఆడవాళ్లకు ఈ ముప్పు కొంచెం పెంచుతుందని కూడా చెప్పి పెడుతున్నాం.

నొప్పి లేని గడ్డే ఎక్కువ మోసం చేస్తుంది. రొమ్ములో గట్టి గడ్డ, చర్మం లోపలికి లాగడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాని నుంచి రక్తం, చంకలో గడ్డ ఉంటే చూపించుకోవాలి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు, ఎక్కువ శాతం కావు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీల మీద ఒక పరీక్ష చేశారు. మెషీన్లు ఏం లేవు. శిక్షణ తీసుకున్న మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేత్తో రొమ్ము పరీక్షించారు. ఇరవై ఏండ్ల తర్వాత చూస్తే క్యాన్సర్ ముందు దశలో పట్టుబడింది, యాభై దాటిన వాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్న వయసు వాళ్లలో మాత్రం చావుల్లో అంత తేడా కనబడలేదు. అయినా మనలాంటి ఊర్లకు ఇంతకన్నా అందే పద్ధతి ఇంకోటి మాకు కనబడలేదు.

2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఎంపిక చేసిన ప్రభుత్వ దవాఖానల్లో మంగళవారం మంగళవారం మహిళలకే ప్రత్యేకంగా పరీక్షలు పెట్టారు, రొమ్ము పరీక్ష కూడా దాంట్లో ఉంది. మీకు దగ్గరలో ఎక్కడ చేస్తున్నారో మీ ఏఎన్‌ఎంను అడగండి. పెద్ద పరీక్ష అవసరమైతే రెడ్ హిల్స్‌లో నీలోఫర్ పక్కన ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉంది. అది ప్రభుత్వానిది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న పది లక్షలకు పెంచారు. ఆర్టీసీ బస్సులో మనకు ఉచిత ప్రయాణం కూడా ఆ రోజే మొదలైంది. మందుల కోసం నెలనెలా సిటీకి పోవాలంటే అది చిన్న సాయం కాదు.

ఇక ఉపసంఘం పెట్టిన నాలుగు తీర్మానాలు మీ ముందుంచుతున్నాం. నెలవారీ సమావేశంలో పొదుపు అయిపోయాక, గోలీ వాడుతున్న అక్కకు ఈ నెల మందు అందిందా అని సంఘం లీడరు పక్కకు పిలిచి అడగాలి, అందరి ముందు కాదు, మినిట్స్ పుస్తకంలో పేరు రాయకూడదు. వైద్యంలో ఉన్న సభ్యురాలికి వాయిదా ఆలస్యమైతే ఆరు నెలల దాకా జరిమానా వేయకూడదు, కొత్త అప్పుకు అడ్డు పెట్టకూడదు. బయాప్సీ రిపోర్టు రెండు జిరాక్సులు తీయించి ఒకటి ఆమె ఫైల్లో, ఒకటి ఆమె నమ్మే మనిషి దగ్గర పెట్టించాలి, ఎందుకంటే దవాఖాన మారినప్పుడు మొదట అడిగేది ఆ కాగితమే. క్యాన్సర్ వచ్చిన అక్క వండితే తినం, ఆమె గ్లాసు వేరుగా పెడతాం అనే మాట మన సంఘాల్లో వినబడితే గ్రామ సంఘం వెంటనే మాట్లాడాలి. అది అంటేది కాదు.

నాలుగింటినీ అధ్యక్షురాలు ఇప్పుడు చదివి వినిపిస్తారు, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. భోజనాల తర్వాత మేము వెనక గదిలో కూర్చుంటాం, ఏఎన్‌ఎం అక్క కూడా ఉంటుంది. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు అక్కడికి రండి, ఆ మూడు ముక్కలు కలిసి చదువుదాం. తలుపు వేసే ఉంటుంది, ఒక్కొక్కరే రావచ్చు.